కువైట్‌లో శౌరి అన్నయ్య నైట్ అయిన శుక్రవారం

దసరా సెలవుల్లో శౌరి అన్నయ్య కువైట్ నుంచి ఫోన్ చేసి, “చిన్నీ, నన్ను నైట్‌ని చేస్తున్నారు” అన్నాడు. “ఈ వయసులో నైట్ డ్యూటీ ఏమిటన్నయ్యా? గుండెకు స్టెంటు వేసిన మనిషివని మీ మేనేజరుకి తెలియదా?” అని నేను గట్టిగానే అరిచాను. అటువైపు నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు తెలిసింది, ఆయన చెప్పింది రాత్రి డ్యూటీ గురించి కాదని. కథోలిక శ్రీసభలో కొన్ని నైట్ల సంఘాలున్నాయి. గురువులూ కన్యాస్త్రీలూ కాదు, పెళ్లాం పిల్లలూ ఉద్యోగాలూ ఉన్న మామూలు గృహస్థులే అందులో సభ్యులు. పూర్వం గుర్రమెక్కి యాత్రికులకు కాపలా కాసిన వీరుల పేరు వాళ్లకు మిగిలింది. ఇప్పుడు గుర్రాలూ లేవు, యుద్ధాలూ లేవు. రోజూ జపమాల, నెలకోసారి దివ్యసత్ప్రసాద ఆరాధన, ఆసుపత్రుల్లో ఎవరూ లేని రోగుల్ని చూడటం, పరాయి దేశంలో కన్నుమూసినవాళ్లను సొంత ఊరికి పంపించడం, ఇవీ వాళ్ల పనులు. అన్నయ్య ఉన్న సంఘంవాళ్లు ప్రచారం కోరుకోరు కాబట్టి పేరు రాయడం లేదు.

మాది విజయవాడ. గుణదల కొండ నీడలో పెరిగినవాళ్లమే గానీ, అన్నయ్యకు కాలేజీ రోజుల నుంచే గుడి అంటే విసుగు. క్రిస్మస్‌కి కూడా వెనక బల్ల మీద కూర్చుని సెల్‌ఫోన్ చూసుకునే మనిషి. అలాంటివాడు నైట్ అవుతున్నాడంటే నా కళ్లతో చూడకుండా ఉండలేననిపించింది. బడిలో సెలవు పెట్టి, అన్నయ్య పంపిన విజిట్ వీసాతో జనవరిలో బయల్దేరాను. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, ప్రయాణం నాలుగున్నర గంటలు. రెండు నెలల ముందే తీసుకుంటే రానూపోనూ టికెట్టు ముప్పై వేల లోపే పడింది. జనవరిలో కువైట్ చల్లగా హాయిగా ఉంటుంది. పొద్దున పూట పల్చటి స్వెట్టరు కావాలి. వేసవిలో మాత్రం ఈ వ్యాసం చదివి వెళ్లకండి, నన్ను తిట్టుకుంటారు.

అన్నయ్య అబ్బాసియాలో మరో ముగ్గురు ఇంజనీర్లతో కలిసి ఉంటాడు. అక్కడ నాకు చోటు కుదరదు. అందుకని సాల్మియాలో సముద్రానికి దగ్గరగా చిన్న సర్వీస్ అపార్ట్‌మెంటు తీసుకున్నాను, రోజుకు పదిహేను దీనార్లు. దీనారంటే మన డబ్బుల్లో మూడు వందలకు కొంచెం అటూ ఇటూ. శుక్రవారం ఉదయం ఏడింటికల్లా దజీజ్‌కి రమ్మన్నాడు అన్నయ్య. కువైట్‌లో సెలవు శుక్రవారమే కాబట్టి, ఇక్కడి క్రైస్తవులకు ఆదివారపు సందడంతా శుక్రవారం నాడే. నైట్లను చేర్చుకునే పూజ సాయంత్రం నాలుగున్నరకు. ఆ తర్వాత అందరికీ భోజనం. దానికి కావలసిన సరుకులు దజీజ్‌లోని పెద్ద హోల్‌సేల్ దుకాణంలో కొనాలి.

టాక్సీ ఎక్కి ఇంగ్లీషులో చెప్పబోతే డ్రైవరు వెనక్కి తిరిగి, “తెలుగేనా మేడమ్?” అన్నాడు. పేరు రెడ్డెయ్య, రాయచోటి పక్క పల్లె. దజీజ్‌కి నాలుగు దీనార్లన్నాడు. మూడున్నర ఇస్తానన్నాను. “సరే మేడమ్, మూడున్నరకు ఖలాస్. ఊరోళ్లతో బేరమాడితే నాకే సిగ్గు” అని బండి తీశాడు. దారిలో ఎందుకు వచ్చానని అడిగాడు. చెప్పాను. అద్దంలోంచి నన్ను ఒకసారి చూశాడు.

“ఆసుపత్రుల్లో తిరిగే అన్నలు కదూ మేడమ్? నేను సూసినా వాళ్లను” అన్నాడు. “మా రూములో ఒకాయన నిద్దర్లోనే పోయినాడు. పనిలో పెట్టుకున్న కఫీల్ ఫోనెత్తలే. మాకెవురికీ ఏం జేయాల్నో దిక్కు తెలీలే. ఎవురు సెప్పినారో ఏమో, ఇద్దరొచ్చినారు. ఒకాయన గోవా ముసలాయన. కాగితాలన్నీ ఆయనే తిరిగి సేయించినాడు. పెట్టె ఇమానం ఎక్కేదాకా మాతోనే ఉండాడు. సచ్చినాయన ఎంకన్న భక్తుడు మేడమ్. వాళ్లేమో ఏసుసామి మనుషులు. ఒక్క మాట అడగలే.” ఆ గోవా ముసలాయన్నే నేను ఇంకో పావుగంటలో కలవబోతున్నానని అప్పుడు తట్టలేదు. దిగేటప్పుడు నాలుగు దీనార్లూ ఇచ్చాను. “బేరమెందుకు ఆడినట్టు మేడమ్?” అని నవ్వి, తీసుకున్నాడు.

దజీజ్ అంటే గోదాములూ, షట్టర్లూ, లారీలూ. చూడదగిన చోటు కాదుగానీ, కువైట్ తినే తిండంతా ఎక్కడి నుంచి కదులుతుందో చూడాలంటే ఉదయం పూట ఒకసారి వెళ్లొచ్చు. దుకాణం బయట అన్నయ్య ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని ఉన్నాడు. పక్కన డెబ్బై ఏళ్ల సన్నటి మనిషి, బియ్యం బస్తాను ట్రాలీలోకి తోస్తున్నాడు. “వీరు ఎల్విన్ గారు. నన్ను సంఘానికి పరిచయం చేసింది వీరే” అన్నాడు అన్నయ్య. నలభై ఏళ్లుగా కువైట్‌లో ఉంటున్న ఎల్విన్ గారు గోవా యాసలో హిందీ మాట్లాడతారు. “నైట్లంటే కత్తి పట్టుకుని భుజం మీద తాకుతారట కదండీ?” అని అడిగాను ఆయన్ని. “కత్తా? కస్టమ్స్ వాళ్లకు సమాధానం ఎవరు చెప్తారమ్మా? మా గురువుగారు శిలువతోనే తాకుతారు. మాకు కత్తులు కూరగాయల దగ్గరే” అని ఉల్లిపాయల బస్తా వైపు చూపించారు.

అన్నయ్య ముఖం వాడి ఉంది. చేరేవాళ్లు ముందు రోజు రాత్రి నుంచి ఉపవాసం ఉండాలట, మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. మందులేసుకోవాలి కాబట్టి గురువుగారు ఆయనకు రెండు బిస్కెట్లు అనుమతించారు. “ఆ రెండు బిస్కెట్లూ ఎంత రుచిగా ఉన్నాయో చిన్నీ, ముప్పై ఏళ్లలో అలాంటి టిఫిను తినలేదు” అన్నాడు.

సరుకులు అన్నయ్య కారులో వేసుకుని నగరంలోని కేథడ్రల్‌కి చేరేసరికి తొమ్మిదిన్నర. శుక్రవారం ఆ ఆవరణ ఒక చిన్న భూగోళం. ఒక పూజ ముగిసి జనం బయటికొస్తుంటే, మరో భాష పూజకు జనం లోపలికి వెళ్తున్నారు. కొంకణి, మలయాళం, తమిళం, ఫిలిప్పీన్స్‌వాళ్ల తగలోగ్, అరబీ. పక్కనున్న చిన్న ప్రార్థనా మందిరంలో నైట్ల ఆరాధన జరుగుతోంది. ఇరవై మంది దాకా ఉంటారు. వెల్డింగ్ చేసే అతను, బ్యాంకు అధికారి, సూపర్ మార్కెట్ క్యాషియరు, ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఫిలిప్పీన్స్ అబ్బాయి, అందరూ నేల మీద మోకాళ్లూని ఉన్నారు. మాట లేదు. గంటసేపు అంతమంది మగవాళ్లు ఫోను చూడకుండా ఉండటం నేను ఇంతకుముందు ఎక్కడా చూడలేదు. అన్నయ్య వాళ్లమధ్య తల వంచుకుని ఉన్నాడు. ఆరాధన కాగానే ఆ ఇరవై మందీ చొక్కా చేతులు మడిచి వంటగదిలోకి నడిచారు. ఉల్లిపాయలు తరుగుతూ జపమాల మొదలుపెట్టారు. ఒకరు కొంకణిలో మొదలుపెడితే ఇంకొకరు మలయాళంలో అందుకున్నారు, మా అన్నయ్య వంతు వచ్చినప్పుడు తెలుగులో మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఫోనులో కూడా ఇలాగే, ఎవరి భాష వారిదేనట. అన్నయ్య నోట తెలుగు జపం వింటుంటే ఉల్లిపాయల పుణ్యమా అని నా కన్నీళ్లు ఎవరి కంటా పడలేదు.

ఈ జపం అన్నయ్యకు మళ్లీ నేర్పిన మనిషి పేరు లూర్దమ్మ. స్టెంటు వేసినప్పుడు అన్నయ్య ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో ఉన్నాడు. పక్క మంచం మీద ఒక కువైటీ పెద్దాయన. ఆయన్ని కనిపెట్టుకుని ఉండటానికి ఇంట్లో పనిచేసే లూర్దమ్మను పెట్టారు. కడప జిల్లా మనిషి, పదకొండేళ్లుగా రుమైథియాలో అదే ఇంట్లో పని. పెద్దాయన నిద్రపోయాక ఆమె కుర్చీలో కూర్చుని సన్నగా జపమాల చెప్పుకునేది. మొదటి రెండు సాయంత్రాలూ అన్నయ్యకు చిరాకేసి అటు తిరిగి పడుకున్నాడట. మూడో సాయంత్రం ఆమెకు దగ్గు వచ్చి జపం సగంలో ఆగితే, ఆ మిగతా సగం తన నోట్లోంచి వచ్చేసిందట. “అది నేనన్నానా, ఇంకెవరన్నా అన్నారా అని నాకే అనుమానమొచ్చింది” అంటాడు. ఆ వారమే ఎల్విన్ గారు వార్డులో రోగుల్ని చూడటానికి వచ్చారు. అలా మొదలైంది. ఇప్పుడు నైట్‌గా చేరేటప్పుడు ఇద్దరు తోడుగా నిలబడాలి. ఒకరు సంఘంలోని నైట్. రెండోవారు ఎవరైనా కావచ్చు, తనను ప్రార్థనకు తెచ్చినవారు. అన్నయ్య లూర్దమ్మ పేరు చెప్పాడు. ఆమె యజమానురాలు, లూర్దమ్మ మాటల్లో ‘మామా’, రెండు గంటల నుంచి సెలవిస్తానని నెల క్రితమే ఒప్పుకుంది.

ఒంటిగంట దాటాక అన్నయ్య ఫోను మోగింది. స్పీకర్‌లో లూర్దమ్మ గొంతు, వెనక పళ్లేల చప్పుడు. “అన్నా, నేను రాలేనేమోన్నా. మామా సెల్లెలు బిడ్డలూ మనవళ్లూ అందురూ సౌదీ దమ్మాం నుంచి సెప్పకుండా వచ్చినారు. ఇల్లంతా జనమే ఉండారు. సింకు నిండా అంట్లు పడుండాయి. ఇంగా టీలు, పండ్లు, స్వీట్లు ఇయ్యాల. మామా పొమ్మనే అంటాండాది గానీ, ఆయమ్మ మొకం సూస్తే నాకే కాలాడతా లేదు. నువ్వు కానీన్నా. నేను ఈడ్నుంచే జపం సేసుకుంటా.”

అన్నయ్య గరిటె పక్కన పెట్టాడు. ఎల్విన్ గారు మెల్లిగా, “ఆమె రాకపోయినా పరవాలేదు శౌరీ, నేనున్నాను కదా. తప్పనప్పుడు ఒక్కరితో కూడా సరిపెట్టుకోవచ్చు” అన్నారు. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. సంఘం గురువుగారు విదేశం నుంచి ఏడాదికి ఒక్కసారే వస్తారు, మర్నాడే తిరుగు విమానం. ఇవాళ కాకపోతే మళ్లీ ఏడాదే. “అయితే వచ్చే ఏడాదే అవుతాను. ఆమె లేకుండా నేను ఆ మెట్టెక్కను” అన్నాడు అన్నయ్య. నేను మూడు వేల కిలోమీటర్లు వచ్చింది ఇందుకేనా అనిపించింది. “ముందు వెళ్లి చూద్దాం పద” అన్నాను. సంఘం వస్త్రం ఉన్న కవరు చేతిలో పట్టుకుని ఎల్విన్ గారు కారు దాకా పరిగెత్తుకొచ్చారు. “దారి నుంచి నేరుగా లోపలికి రావాల్సి వస్తుందేమో, దీన్ని తీసుకెళ్లు. కానీ ఆవరణ బయట వేసుకోకు” అన్నారు. మా కోసం గురువుగారిని ఎంతసేపు ఆపగలరో తెలియదని కూడా అన్నారు.

నగరం నుంచి రుమైథియాకి మధ్యాహ్నం పూట ఇరవై నిమిషాల దారి. శుక్రవారం ప్రార్థనలు అయిపోయి అందరూ ఇళ్లల్లో భోజనాల దగ్గరుంటారు కాబట్టి రోడ్లు ఖాళీ. లేత గోధుమరంగు పెద్ద ఇల్లు, ముందు వరసగా పది కార్లు. అన్నయ్య దూరంగా ఆపాడు. “మనం తలుపు కొట్టకూడదు చిన్నీ. వాళ్లను ఇబ్బంది పెడితే రేపు ఆ ఇంట్లో ఉండాల్సింది ఆమే” అన్నాడు. అలా కూర్చుని ఉండగానే లూర్దమ్మ చెత్త సంచీతో పక్క గేటు లోంచి బయటికొచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి, పొట్టిగా, తలకు గుడ్డ కట్టుకుని. మమ్మల్ని చూసి సంచీ కింద పడేసింది. “యాల వచ్చినావన్నా? పూజ యాళకు ఈడ ఏం పని నీకు?” అని కోప్పడుతూనే నా వైపు తిరిగి, “అక్కా, నువ్వేనా సిన్నక్కవి?” అని రెండు తడి చేతులతో నా చేయి పట్టుకుంది.

ఆ మాటలకు గేటు దగ్గరికి మామా వచ్చింది. యాభై ఏళ్లావిడ, పూల కుట్టు ఉన్న పొడవాటి గౌను, చేతిలో టీ కప్పుల ట్రే. ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు టీచరట. నేనూ టీచరునని చెప్పగానే ముఖం విచ్చుకుంది. “నెల రోజుల నుంచి ఈ శుక్రవారం గురించే చెప్తోంది. నేను మాటిచ్చాను. కానీ మీరే చూడండి” అని వంటగది తలుపు బార్లా తీసింది. నిజంగానే అంట్ల కొండ. మటన్ మచ్‌బూస్ అన్నం వడ్డించిన పెద్ద పెద్ద పళ్లేలు, ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి ఉడికించిన గిన్నెలు, గాజు కప్పులు, పిల్లల పాల సీసాలు. నేనేమీ ఆలోచించలేదు. స్వెట్టరు తీసి కుర్చీకి తగిలించి, సింకు దగ్గర నిలబడ్డాను.

“లా, లా! మీరు దైఫా!” అని మామా కంగారు పడింది. లా అంటే వద్దు, దైఫా అంటే అతిథి. “అతిథిని కాదండీ, లూర్దమ్మ అక్కని. బడిలో వార్షికోత్సవం అయ్యాక గ్లాసులు కడిగే డ్యూటీ నాదే” అన్నాను. మామా ఒక్క క్షణం నన్ను చూసి, తను కూడా గౌను చేతులు పైకి మడిచింది. తర్వాత హాలు వైపు తిరిగి, క్లాసులో అల్లరి చేసే పిల్లల్ని పిలిచినట్టు, “యల్లా బనాత్!” అని ఒక కేక వేసింది. యల్లా అంటే రండి, బనాత్ అంటే అమ్మాయిలు. కూతుళ్లు, కోడలు, దమ్మాం నుంచి వచ్చిన మేనకోడళ్లు, ఆరుగురు ఫోన్లు పట్టుకుని వచ్చి, ఫోన్లు పక్కన పెట్టారు. ఒకరు తుడిచారు, ఒకరు సర్దారు, ఇద్దరు టీలు పట్టుకెళ్లారు. ఏ గిన్నె ఏ అల్మరాలోకి వెళ్తుందో ఆ ఇంటి కూతుళ్లకే తెలియదు. లూర్దమ్మ చేతులు తుడుచుకుంటూ మధ్యలో నిలబడి అరబీలో ఇటు, అటు అని చూపిస్తుంటే వాళ్లు నవ్వుకుంటూ పరుగులు. ఒక గాజు కప్పు పగిలింది కూడా. అందరూ బొమ్మల్లా ఆగిపోయి మామా వైపు చూశారు. “పర్లేదు, అది మా అత్తగారి సెట్టు” అందావిడ ఇంగ్లీషులో, నాకొక్కదానికే వినబడేట్టు.

ఈలోగా అన్నయ్య సంగతి. మామా కొడుకు బయటికొచ్చి కారులో ఒంటరిగా కూర్చున్నవాణ్ని చూసి, ససేమిరా ఒప్పుకోక, మగవాళ్లు కూర్చునే దివానియాలోకి తీసుకెళ్లాడు. లోపల అందరికంటే పెద్ద ఆసనం మీద ఆసుపత్రిలో పక్క మంచం మీదుండిన పెద్దాయన. లూర్దమ్మ పెద్ద బాబా అంటుంది ఆయన్ని. అన్నయ్యను చూస్తూనే, “ముహందిస్!” అని చేతులు చాచాడట, అంటే ఇంజనీరూ అని. కాఫీ, ఖర్జూరాలు వచ్చాయి. అన్నయ్య మర్యాదగా వద్దంటే గదిలో అందరూ ఒక్కసారి ఆగిపోయారు. ఆ దేశంలో కాఫీ వద్దనడం అంటే చిన్న విషయం కాదు. పెద్ద బాబా కాసేపు చూసి, “సాయిమ్?” అన్నాడు. ఉపవాసమా అని. అన్నయ్య అవునన్నాడు. అంతే, పెద్దాయన చేత్తో సైగ చేస్తే ఖర్జూరాల పళ్లెం వెనక్కి వెళ్లిపోయింది. పక్కన కూర్చున్న కుర్రవాడు నోట్లో పెట్టుకోబోతున్న స్వీటు కూడా తాత చూపుకు కిందికి దిగింది.

కవరులో ఏముందని అడిగాడట పెద్దాయన. మా ప్రార్థనాలయంలో ఇవాళ వేసుకోవాల్సిన వస్త్రం అని చెప్పి అన్నయ్య బయటికి తీశాడు. నల్లటి పొడుగాటి వస్త్రం, ఎడమ వైపు చిన్న తెల్ల శిలువ. ఏమంటారోనని తనకు లోపల బెరుగ్గానే ఉందట. పెద్ద బాబా అంచు పట్టుకుని నేతను వేళ్లతో చూశాడు. “ఇది బిష్త్ కదా!” అన్నాడు. బిష్త్ అంటే ఇక్కడ పెళ్లిళ్లకూ పెద్ద సభలకూ మగవాళ్లు తోబు అనే తెల్లటి పొడవు చొక్కాపైన వేసుకునే అంగీ. అన్నయ్యకు ఈ వస్త్రం చనిపోయిన ఒక పాత నైట్ నుంచి వచ్చింది. ఆయన ఆరడుగుల మనిషి, మా అన్నయ్య ఐదడుగుల నాలుగు. నేల మీద జానెడు పరుచుకుంటుంది. మెట్ల దగ్గర కాలికి తగిలి పడతాడేమోనని ఎల్విన్ గారు వారం నుంచి బెంగపడుతున్నారు. పెద్ద బాబా మనవణ్ని పట్టుకుని లేచి నిలబడ్డాడు. వస్త్రాన్ని అన్నయ్య భుజాల మీద వేసి, ఎడమ అంచును మడిచి, మోచేతి కింద ఎలా ఇరికించాలో, ఎలా నడవాలో చూపించాడు. “పెద్దల ముందుకు వెళ్లేటప్పుడు బట్ట ఈడవకూడదు, చూపు కింద పెట్టకూడదు” అన్నాడట. నేనూ లూర్దమ్మా పని ముగించి ముంగిట్లోకి వచ్చేసరికి, తెరిచిన తలుపులోంచి కనబడిన దృశ్యం ఇది. మా శౌరి అన్నయ్య నల్ల వస్త్రంలో దివానియా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నాడు, పన్నెండు మంది కువైటీలు చప్పట్లు కొడుతున్నారు.

బయల్దేరేటప్పుడు మామా లూర్దమ్మ తలగుడ్డ విప్పించి, తన అల్మరాలోంచి ఆకుపచ్చ సిల్కు దుపట్టా తెచ్చి భుజాల మీద వేసింది. “రాత్రి పదిలోపు తీసుకురండి. రేపు నేనే టీ పెడతాను” అంది. నమ్మనా వద్దా అన్నట్టు లూర్దమ్మ నా వైపు చూసింది.

తిరుగు ప్రయాణంలో మాత్రం అదృష్టం మొహం చాటేసింది. నాలుగు దాటితే సముద్రం పక్క రోడ్డు మీదికి ఊరంతా షికారుకొస్తుంది. ఇరవై నిమిషాల దారి నలభై ఐదయింది. వెనక సీట్లో లూర్దమ్మ తను చెప్పాల్సిన ఒక్క ఇంగ్లీషు వాక్యాన్ని పదే పదే వల్లిస్తోంది. గురువుగారు, ‘ఈ సోదరుణ్ని ఇక్కడికి తెచ్చిందెవరు?’ అని అడిగితే ‘నేను తెచ్చాను ఫాదర్’ అనాలి. మధ్యలో ఆపి, “ఈ యాళప్పుడు నా సదువు మీద పెట్టినారు పెద్ద బరువు” అని నిట్టూర్చింది. గేటు దగ్గర సంచీలు తనిఖీ చేసే వరస చాలా పొడుగు. మాకోసం ఎల్విన్ గారు అక్కడే నిలబడి ఉన్నారు. గురువుగారు ఇంకో పాట పాడమని గాయకబృందానికి చెప్పారట. అది మూడోసారి పాడుతున్నారు.

అన్నయ్య వస్త్రం వేసుకుని, ఎడమ అంచును మోచేతి కింద ఇరికించి, తడబడకుండా మెట్లెక్కాడు. ఒక పక్క ఎల్విన్ గారు, మరో పక్క లూర్దమ్మ. తెల్ల గడ్డం గురువుగారు ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగారు, ఈ సోదరుణ్ని ఇక్కడికి తెచ్చిందెవరు అని. ఎల్విన్ గారు తన జవాబు చెప్పారు. లూర్దమ్మ వంతు. ఆమె నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచి గట్టిగా, “ఆనా!” అంది. అరబీలో ‘నేను’ అని. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరక్కడ అని కేక వినబడితే ఆమె పలికే మాట అది. ముందు ఫిలిప్పీన్స్‌వాళ్ల బల్ల నుంచి నవ్వు మొదలైంది. తర్వాత మలయాళీలు, తర్వాత గుడంతా. గురువుగారు కూడా నవ్వాపుకోలేక శిలువను చేయి మార్చుకున్నారు. ఆ నవ్వు సద్దుమణగకముందే అన్నయ్య భుజాల మీద కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి శిలువ తాకింది. అన్నయ్య ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు. బహుశా ఆయనకూ తెలియదు.

భోజనాలు ఆవరణలోని హాల్లో. గోవా కోడికూర, ఫిలిప్పీన్స్ నూడుల్స్, కేరళ పరోటాలు, నేను పొద్దున వంటగదిలో కలిపిపెట్టిన పులిహోర. ఈ సంఘంలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా నైట్ అయినవాడు ఆ రోజు వస్త్రం విప్పి ఏప్రన్ కట్టుకుని అందరికీ వడ్డించాలి, చివర్న తినాలి. మొదటి పళ్లెం తనను తెచ్చిన మనిషికి. అన్నయ్య పళ్లెం పట్టుకుని లూర్దమ్మ దగ్గరికి వచ్చాడు. ఆమె చటుక్కున లేచి నిలబడింది. “కూర్చోమ్మా.” కూర్చుంది. పులిహోర తెచ్చాడు, మళ్లీ లేచింది. కూర తెచ్చాడు, మళ్లీ లేచింది. “ఇదేంది నాకు కూసోను రావడం లే” అని తనమీద తనే విసుక్కుంది. పదకొండేళ్లలో ఆమె వేల పళ్లేలు వడ్డించింది గానీ, ఈ దేశంలో ఆమె ముందుకు ఎవరూ పళ్లెం తెచ్చి పెట్టలేదు. పక్కన కూర్చున్న నేను ఆమె ఆకుపచ్చ దుపట్టా కొంగు పట్టుకుని కిందికి లాగాను. ఆమె నన్ను చూసి నవ్వి, ఈసారి కుర్చీలో వెనక్కి జరిగి బాగా సర్దుకుని కూర్చుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. చూపు పైకెత్తి, చేయి గాల్లోకి లేపి, హాలు ఆ చివరున్న అన్నయ్యకు వినబడేట్టు పిలిచింది. “అన్నా! పులిహోరలో ఉప్పు సాల్లేదు. ఉప్పు త్యా!” అన్నయ్య పరిగెత్తాడు.

కువైట్ నుంచి వచ్చాక స్నేహితులందరూ ఏం చూశావని అడుగుతున్నారు. టవర్లు చూశాను, సూక్ అనే పాత బజారు చూశాను, సముద్రం ఒడ్డున గంటలు గంటలు నడిచాను. అవి మీరూ చూస్తారు. నేను ఊహించుకుని వెళ్లింది మాత్రం ఠీవిగా నడిచే వీరుల్ని, పెద్ద పెద్ద ప్రతిజ్ఞల్ని. దొరికినవాళ్లేమో ఉల్లిపాయలు తరుగుతూ జపం చెప్పుకునే మనుషులు, తోడు లేని రోగి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చునే మనుషులు. ముప్పై ఏళ్లు దేవుడి మీద అలిగిన మా అన్నయ్యను మెప్పించింది ఏ ప్రసంగమూ కాదు. పరాయి దేశంలో తన భాషలో సగం జపం చెప్పి, మిగతా సగం తన కోసం ఆపి ఉంచిన ఒక గొంతు. భక్తి అంటే ఒంటరిగా కళ్లు మూసుకుని చేసేదని నేననుకునేదాన్ని. అది చాలావరకు పక్కనున్నవాడు అందుకునేదాకా ఆగే పని అని నాకు ఆ శుక్రవారం తెలిసింది.

మీరు వెళ్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. శుక్రవారం కేథడ్రల్ దగ్గర కారుకు చోటు దొరకడం కష్టం, గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. అందుకని పూజ వేళకు కనీసం ముప్పావుగంట ముందు టాక్సీలో దిగండి, చిన్న సంచీ, పాస్‌పోర్టు తప్ప ఏమీ పెట్టుకోకండి. ముందుగా చేరితే మిగిలే సమయాన్ని హాలు వెనకున్న వంటగదిలో గడపండి. తరగడానికి ఏదో ఒకటి మీ చేతికి తప్పకుండా ఇస్తారు.